రెటినోబ్లాస్టోమా: రెండు దెబ్బల సిద్ధాంతం

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• వంశపారంపర్య కణితికీ, వంశపారంపర్యం కాని కణితికీ తేడా చెప్పగలుగుతారు.
• రెండు దెబ్బల సిద్ధాంతాన్ని వివరించగలుగుతారు.
• ఈ జ్ఞానం ఒక కుటుంబానికి ఎలా ఉపయోగపడుతుందో తెలుసుకుంటారు.

1. పరిచయం

క్యాన్సర్ జన్యువుల్లో వచ్చే మార్పుల వల్ల కలిగే వ్యాధి. అయితే అది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందా? చాలా సందర్భాల్లో రాదు, కొన్నింటిలో వస్తుంది. ఈ రెండు రకాలనూ ఒకే వ్యాధిలో పక్కపక్కన చూడగలిగితే తేడా సులువుగా తెలుస్తుంది. అటువంటి వ్యాధి రెటినోబ్లాస్టోమా.

ఇది పసిపిల్లల కంటిలోని నేత్రపటలంలో ఏర్పడే క్యాన్సర్. దాదాపు ఎప్పుడూ 5 సంవత్సరాల లోపే బయటపడుతుంది. కనుపాప తెల్లగా మెరవడం, మెల్లకన్ను దీని ముఖ్య లక్షణాలు. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, మరొకటి తెల్లగా కనిపిస్తే ఆలస్యం చేయకుండా కంటి వైద్యునికి చూపించాలి.

2. నూడ్సన్ పరిశీలన

అమెరికా వైద్య శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ నూడ్సన్ 48 మంది రోగుల వివరాలను పరిశీలించి 1971లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. అందులో ఆయన ప్రయోగశాల పరికరాలేవీ వాడలేదు. ఏ వయసులో వ్యాధి బయటపడింది, ఒక కంటిలోనా, రెండు కళ్ళలోనా అన్న వివరాలను గణితపరంగా విశ్లేషించాడు. రెండు కళ్ళలో కణితులున్న పిల్లల్లో వ్యాధి ముందుగా బయటపడింది. కుటుంబంలో వ్యాధి ఉన్నవారూ ఎక్కువగా ఈ వర్గంలోనే ఉన్నారు. ఒక కంటిలో, ఒకే కణితి ఉన్నవారిలో వ్యాధి ఆలస్యంగా కనిపించింది.

దీనికి ఆయన ఇచ్చిన వివరణ ఇది. కణితి ఏర్పడాలంటే ఒకే కణంలో రెండు ఉత్పరివర్తనాలు జరగాలి. వీటినే రెండు దెబ్బలు అంటారు. వంశపారంపర్య రకంలో మొదటి దెబ్బ బీజకణం ద్వారానే వస్తుంది కాబట్టి శిశువు శరీరంలోని ప్రతి కణంలోనూ అది ఉంటుంది. మరో దెబ్బ తగిలితే చాలు. రెండో రకంలో రెండు దెబ్బలూ పుట్టబోయే లేదా పుట్టిన బిడ్డ నేత్రపటలంలోని ఒకే కణానికి తగలాలి.

3. ఒక చిన్న లెక్క

ఒక కణంలో ఒక దెబ్బ తగిలే అవకాశం 10 లక్షల్లో 1 అనుకుందాం. నేత్రపటలంలో 30 లక్షల కణాలకు ఈ ప్రమాదం ఉందనుకుందాం. మొదటి దెబ్బతోనే పుట్టిన శిశువులో సగటున 3 కణితులు ఏర్పడతాయి. సాధారణ శిశువులో ఒకే కణానికి రెండు దెబ్బలూ తగిలే అవకాశం, స్థూలంగా, లక్ష కోట్లలో 1. 30 లక్షల కణాలున్నా కణితి చాలా అరుదు. ఈ అంకెలు లెక్క కోసం తీసుకున్నవే. కానీ మొదటి రకంలో రెండు కళ్ళలోనూ అనేక కణితులు ఎందుకు వస్తాయో వీటితో అర్థమవుతుంది.

4. జన్యువు ఎక్కడ ఉంది?

కొందరు పిల్లలు 13వ క్రోమోజోమ్ పొడవు భుజంలో ఒక ముక్క లోపించి పుడతారు. వీరిలో ఎదుగుదల మందగించడం, ఇతర పుట్టుక లోపాలతో పాటు రెటినోబ్లాస్టోమా కూడా కనిపించింది. అందువల్ల సంబంధిత జన్యువు ఆ ముక్కలోనే ఉండాలని శాస్త్రజ్ఞులు భావించారు. 1986లో ఆ జన్యువును వేరుచేశారు. దాని పేరు ఆర్‌బి1. ఇది తయారుచేసే ప్రోటీన్ కణవిభజనకు బ్రేకులా పనిచేస్తుంది. రెండు యుగ్మవికల్పాల్లో ఒకటి చెడినా రెండోది బ్రేకు వేస్తుంది. రెండూ చెడితే విభజన అదుపు తప్పుతుంది. ఇటువంటి జన్యువులను కణితి నిరోధక జన్యువులు అంటారు.

ఇక్కడ విద్యార్థులు తరచు తికమకపడే విషయం ఒకటుంది. కణం స్థాయిలో ఈ లోపం అంతర్గతం, ఎందుకంటే రెండు ప్రతులూ చెడాలి. కుటుంబం స్థాయిలో మాత్రం బహిర్గత లక్షణంలా కనిపిస్తుంది. ఒక చెడ్డ ప్రతిని పొందిన వారిలో అత్యధికులకు రెండో దెబ్బ తప్పకపోవడమే కారణం.

5. కుటుంబానికి ప్రయోజనం

బీజకణాల్లో ఉత్పరివర్తనం ఉన్న వ్యక్తి నుంచి ప్రతి సంతానానికీ అది చేరే అవకాశం 50 శాతం. అయితే వ్యాధి ఉన్న పిల్లల్లో చాలామందికి కుటుంబ చరిత్ర ఉండదు, ఉత్పరివర్తనం వారిలోనే కొత్తగా వచ్చి ఉండవచ్చు. ఒక కంటికే వ్యాధి వచ్చిన పిల్లల్లో కూడా కొందరికి వంశపారంపర్య రకం ఉంటుంది. కాబట్టి "మా ఇంట్లో ఎవరికీ లేదు", "ఒక కన్నే కదా" అని జన్యు పరీక్షను వదిలేయకూడదు.

పరీక్షలో ఉత్పరివర్తనం తెలిస్తే తోబుట్టువులను కూడా పరీక్షించవచ్చు. అది ఉన్న శిశువుకు పుట్టిన నాటి నుంచే తరచు కంటి పరీక్షలు చేస్తారు. కణితి చిన్నగా ఉన్నప్పుడే దొరికితే ప్రాణంతో పాటు చూపును కూడా కాపాడే అవకాశం పెరుగుతుంది. ఉత్పరివర్తనం లేని శిశువుకు మత్తు ఇచ్చి పదేపదే చేసే పరీక్షల బాధ తప్పుతుంది. వంశపారంపర్య రకం ఉన్నవారికి పెద్దయ్యాక ఎముక క్యాన్సర్ వంటివి వచ్చే ప్రమాదం ఎక్కువ కాబట్టి, వారిలో రేడియేషన్ చికిత్సను వీలైనంతవరకు తగ్గిస్తారు.

6. సారాంశం

రెటినోబ్లాస్టోమాకు ఆర్‌బి1 జన్యువు రెండు ప్రతులూ చెడాలి. వంశపారంపర్య రకంలో ఒక ప్రతి పుట్టుకతోనే చెడి ఉంటుంది. వారసత్వంగా వచ్చేది ముప్పు మాత్రమే, కణితి కాదు. ఆ ముప్పును ముందే తెలుసుకోవడమే జన్యు పరీక్ష లక్ష్యం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రెండు కళ్ళలో కణితులున్న పిల్లల్లో వ్యాధి ముందుగా ఎందుకు బయటపడుతుంది?
2. ఆర్‌బి1 లోపం కణంలో అంతర్గతం, కుటుంబంలో బహిర్గతంలా ఎందుకు కనిపిస్తుంది?
3. ఒక దంపతుల మొదటి బిడ్డకు ఒక కంటిలో రెటినోబ్లాస్టోమా వచ్చింది. రెండో బిడ్డ విషయంలో మీరు వారికి ఏ సలహా ఇస్తారు? కారణాలతో రాయండి.