ఇసుక దాటితే అసలు డర్బన్

డర్బన్‌లో దిగినవాళ్ల కాళ్లు ముందు సముద్రం వైపే లాగుతాయి. దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో, హిందూ మహాసముద్రం ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఏడాదికి 320 రోజులు ఎండ కాస్తుందని పర్యాటక ప్రకటనలు ఊరిస్తాయి. అగుల్హాస్ అనే వెచ్చటి ప్రవాహం తీరాన్ని ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి, అక్కడ చలికాలమైన జూన్, జులై నెలల్లో కూడా హాయిగా నీళ్లలో దిగొచ్చు. ‘గోల్డెన్ మైల్’ బీచ్ పొడవునా నడక దారి, అలల మీద సర్ఫింగ్ చేసే కుర్రాళ్లు, కొమ్ములూ పూసలూ దిగేసిన బరువైన కిరీటాలు పెట్టుకుని రిక్షాలు లాగే జులూ తెగవాళ్లు... వీటితోనే ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. చాలామంది అంతటితో డర్బన్ చూసేశామనుకుని వెనుదిరుగుతారు. ఈ ఊరి పేరుమోసిన వింతలన్నీ మాత్రం ఆ ఇసుకకు అటూ ఇటూ ఉన్నాయి. కొన్ని నీళ్ల అడుగున, మిగతావి ఊరి లోపల.

ముందు నీళ్ల సంగతి. 1943 నుంచి 1951 దాకా డర్బన్ బీచ్‌లలో సొరచేపల దాడుల్లో ఏడుగురు చనిపోయారు. 1952లో తీరం వెంట వలలు కట్టారు. ఆ తర్వాత ఈ నగరం బీచ్‌లలో సొరచేప వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఒక్కో వల పొడవు 214 మీటర్లు, లోతు ఆరు మీటర్లు. అది గోడలా అడ్డం నిలబడి సొరచేపల్ని ఆపుతుందనే అందరూ అనుకుంటారు. నిజానికి వల కింద నుంచి, పక్కల నుంచి అవి లోపలికి వస్తూనే ఉంటాయి. చిక్కేవాటిలో దాదాపు మూడో వంతు ఒడ్డు దాకా వచ్చి, తిరిగి వెళ్తూ చిక్కినవే. వల పని అడ్డుకోవడం కాదు, పట్టుకోవడం. తీరం దగ్గర తిరిగే సొరచేపల సంఖ్యే తగ్గిపోతే మనిషికి ఎదురుపడేవీ తగ్గుతాయన్నది లెక్క. ఆ లెక్కకు డాల్ఫిన్లు, తాబేళ్లు కూడా బలి అవుతున్నాయి. అందుకే కొన్నిచోట్ల వలలు తగ్గించి, పెద్ద కొక్కేలకు ఎర గుచ్చి వేలాడదీస్తున్నారు. జూన్, జులైలలో కోట్లాది సార్డీన్ చేపలు గుంపులు గుంపులుగా ఈ తీరం వెంట ఈదుకొస్తాయి. వాటి వెంట డాల్ఫిన్లు, సొరచేపలు, పక్షులు దండుగా కదులుతాయి. ఆ రోజుల్లో వలలు తీసేస్తారు, ఈతను ఆపేస్తారు. మనుషులు ఒడ్డున నిలబడి చేపలకు దారి వదిలే ఆ కొద్దిరోజులూ నాకు ఎంతో నచ్చుతాయి.

ఇక ఊళ్లోకి. డర్బన్ బొటానిక్ గార్డెన్స్‌ని 1849లో పెట్టారు. ఆఫ్రికాలో నేటికీ బతికున్న బొటానిక్ తోటల్లో ఇదే పాతది. కొత్త వలస రాజ్యంలో ఏ పంట పండుతుందో తేల్చుకోవడానికి చెరకు, కాఫీలాంటివి ఇక్కడ వేసి చూసేవారు. ఈ తోటలో ఉన్న ఒక మొక్క కోసమైనా డర్బన్ వెళ్లవచ్చంటాను. పేరు ఎన్సెఫలార్టోస్ వుడీ. చూపుకు మన ఈత చెట్టులా ఉంటుంది గానీ నిజానికి సైకాడ్ జాతి, అంటే డైనోసార్ల కాలం నుంచి భూమ్మీద ఉన్న వంశం. తోట అధిపతి జాన్ మెడ్లీ వుడ్ 1895లో ఓంగోయే అడవి అంచున ఏటవాలు నేల మీద దీన్ని చూశాడు. ఒకే చోట నాలుగు కాండాలు, అంతే. అడవిలో అలాంటిది ఆ తర్వాత ఎవరికీ ఎక్కడా దొరకలేదు. సైకాడ్‌లలో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. ఆ దొరికిన ఒక్కటీ మగది. దాని పిలకలు తెచ్చి డర్బన్‌లో నాటారు. 1907లో పెద్ద కాండాలు రెంటినీ తోటకే తరలించారు. మిగిలిన చివరి కాండాన్ని 1916లో అటవీ శాఖ ప్రిటోరియాకు పంపింది. అప్పటి నుంచి అడవిలో ఈ జాతి లేదు. ప్రపంచంలో ఏ తోటలో కనిపించినా అది ఆ ఒక్క మొక్క పిలకల సంతానమే. గింజ కట్టాలంటే ఆడ మొక్క కావాలి, అది ఎక్కడా లేదు. ఇటీవల డ్రోన్లతో అడవిని ఫొటోలు తీసి, వాటిని కృత్రిమ మేధతో జల్లెడ పట్టి మరీ వెతుకుతున్నారు. భూమి మీద అతి ఒంటరి మొక్క అని దీనికి పేరు. ఒక జాతి మొత్తం ఒక్క ప్రాణం మీద నిలబడితే ఎలా ఉంటుందో అక్కడ నిలబడి చూడాలి.

ఆ తోటలో పరీక్షించిన చెరకు తర్వాత మైళ్ల కొద్దీ పరుచుకుంది. దాన్ని నరకడానికి మనుషులు కావలసి వచ్చారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ 342 మందితో డర్బన్ రేవుకు చేరింది. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. 1911లో ఆగేదాకా ఓడలు మోసుకొచ్చినవారు 1,52,184 మంది. మూడింట రెండు వంతుల మంది మద్రాసులోనే ఓడెక్కారు. వాళ్లలో తమిళులతో పాటు మన ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లూ, చిత్తూరు వైపు వాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలు, మనవలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తెలుగు పర్యాటకులు డర్బన్ వెళ్లి సముద్రం చూసి, ఆ సముద్రం మీదుగా వచ్చిన ఈ మనుషుల ఊసు వినకుండా వచ్చేస్తే నాకు బాధగా ఉంటుంది.

వాళ్ల వంట మాత్రం ఎవరూ తప్పించుకోలేరు. బన్నీ చౌ డర్బన్ సొంత తిండి. తెల్ల బ్రెడ్డు ముద్దను కోసి, లోపలి మెత్తటి భాగం తవ్వి తీసి, ఆ గుంటలో ఘాటైన మాంసం కూరో చిక్కుడు గింజల కూరో నింపి ఇస్తారు. పావు, సగం, పూర్తి అని మూడు కొలతలు. కొత్తవాళ్లకు పావు చాలు. చెంచా అడగకూడదు. పైన మూతలా పెట్టిన బ్రెడ్డు ముక్కతో కూర అద్దుకుంటూ, చివరికి గిన్నెను కూడా తినేయడమే. నల్లవాళ్లను హోటళ్లలో కూర్చోనివ్వని కాలంలో, చేత్తో పట్టుకుని పోవడానికి వీలుగా ఇది పుట్టిందని అక్కడ చెప్పుకుంటారు.

ఊరికి ఉత్తరాన ఇనాండా ప్రాంతం ఉంది. 1893లో డర్బన్ రేవులో దిగిన గాంధీ 1904లో ఇక్కడే ఫీనిక్స్ ఆశ్రమం పెట్టారు. 1985 అల్లర్లలో అది తగలబడితే మళ్లీ కట్టారు. దానికి దగ్గర్లోనే, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ తొలి అధ్యక్షుడు జాన్ డూబే నెలకొల్పిన ఓహ్లాంగే పాఠశాల. 1994 ఏప్రిల్ 27న నెల్సన్ మండేలా తన జీవితంలో తొలి ఓటు వేసింది ఆ బడిలోనే. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకు కింగ్స్‌మీడ్ మైదానం చాలు. 2007 సెప్టెంబరు 19న స్టువర్ట్ బ్రాడ్ ఓవర్లో యువరాజ్ ఆరు సిక్సర్లు కొట్టింది ఇక్కడే. 12 బంతుల్లో అర్ధ శతకం, టీ20ల్లో అప్పటికి రికార్డు. ఆ రికార్డు 2023లో పోయింది. కానీ ఇదే మైదానంలో నేటికీ ఎవరూ చెరపని రికార్డు ఒకటుంది. 1939 మార్చి 3న దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ మధ్య ఫలితం తేలేదాకా ఆడాలన్న షరతుతో టెస్టు మొదలైంది. ఆదివారాలు సెలవు, ఒక రోజు వర్షార్పణం. 14వ తేదీకి ఇంగ్లండ్ లక్ష్యం 696 పరుగులు, స్కోరు ఐదు వికెట్లకు 654. గెలవడానికి 42 పరుగులు చాలు. అంతలో వాన పడింది. కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్ జట్టు ఎక్కాల్సిన ఓడ బయల్దేరే వేళవుతోంది, అక్కడికి రైల్లో రెండు రాత్రుల ప్రయాణం. ఆట డ్రాగా ముగించి రైలెక్కేశారు. మొత్తం 1,981 పరుగులు, టెస్టుల్లో నేటికీ అదే అత్యధికం. ఆ తర్వాత గడువు లేని టెస్టులే ఆగిపోయాయి.

మీ ప్రయాణం జూన్‌లో అయితే మాత్రం కామ్రేడ్స్ మారథాన్ తేదీ చూసుకునే టికెట్లు తీసుకోండి. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌ల మధ్య దాదాపు 90 కిలోమీటర్ల కొండదారి పరుగు ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సహచరుల జ్ఞాపకార్థం విక్ క్లాపమ్ అనే మాజీ సైనికుడు 1921లో మొదలుపెట్టాడు. ఆ ఏడాది బయల్దేరింది 34 మంది, చేరింది 16 మంది. 2010లో 14,343 మంది చేరి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. నల్లవాళ్లకు, ఆడవాళ్లకు అధికారికంగా చోటు దక్కింది 1975లోనే. ఇప్పుడు గడువు 12 గంటలు. గడువు 11 గంటలే ఉన్న 1989లో వాలీ హేవర్డ్ 80 ఏళ్ల వయసులో గడువుకు రెండు నిమిషాల లోపు మిగిలుండగా గీత దాటాడు. ఒక ఏడాది పరుగు డర్బన్‌లో మొదలైతే మరో ఏడాది డర్బన్‌లో ముగుస్తుంది. ముగిసే ఏడాది అయితే విజేతను చూసి లేచి రాకండి. గడువు దగ్గరపడే సాయంత్రం వేళకు గీత దగ్గర చోటు పట్టుకోండి. సమయం తీరగానే ఒక అధికారి పరుగెత్తి వచ్చేవాళ్లకు వీపు తిప్పి తుపాకీ పేలుస్తాడు. ఆ పేలుడుకు ఒక్క అడుగు వెనకబడినా పతకం లేదు. ఆఖరి నిమిషాల్లో ఒకరినొకరు చేతులు పట్టి లాక్కుంటూ వచ్చేవాళ్ల కోసం జనం గొంతులు పోయేలా అరుస్తారు, మీరూ వాళ్లతో కలిసి అరవండి.