చెవిలో పుట్టే మాట

మొగల్తూరులో పిల్లాడు గుక్కతిప్పుకోకుండా మాట్లాడితే "వీడికి వస పోశారా ఏంటండీ" అంటారు. వాగుడుకాయ పిల్లని వసపిట్ట అంటారు. ఈ మాటల వెనక పాత నాటువైద్యం ఒకటుంది. మా మామ్మ వసకొమ్ముని నిప్పుల మీద కాల్చి, సానరాయి మీద రెండు చుక్కలు తల్లిపాలు వేసి అరగదీసి, ఆ గంధాన్ని ఉంగరపు వేలితో పసిబిడ్డ నాలుక మీద రాసేది. నాలుక పలచబడి మాట తొందరగా వస్తుందని నమ్మకం. ఆ ఘాటుకి బిడ్డ మొహం చిట్లించి పెదాలు చప్పరించడం నాకింకా కళ్ళలో మెదులుతుంది. మామ్మ ప్రేమని నేనెన్నడూ శంకించను. కానీ వసలో బీటా అసరోన్ అనే హానికర పదార్థం ఉందనీ, అమెరికా 1968లోనే వసని తినుబండారాల్లో వాడకూడదని నిషేధించిందనీ ఆవిడకి తెలిసే దారి లేదు.

మరో సంగతి కూడా ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మాటకి పుట్టిల్లు నాలుక కాదు, చెవి. ఆ చెవి గురించి, మాట గురించి బళ్ళలోనూ ప్రయోగశాలల్లోనూ జరిగిన పరిశోధనల్లోంచి ఏరిన విశేషాలివి. కొన్నిటిలో మనవాళ్ళూ ఉన్నారు.

పుట్టి మూడు రోజులు కూడా నిండని బిడ్డ తల్లి గొంతుని గుర్తుపడుతుందని మీకు తెలుసా? అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ 1980లో ఈ సంగతి తేల్చారు. పాలపీకని ఒక తీరున చప్పరిస్తే అమ్మ గొంతు, మరో తీరున చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వినిపించే ఏర్పాటు చేశారు. పసికందులు అమ్మ గొంతు వినిపించేలా చప్పరించారు. కడుపులో ఉండగానే వినడం మొదలైందన్నమాట.

ఇంకా ఆశ్చర్యం కలిగించేది త, ట సంగతి. మనకి ఈ రెండూ వేరు వేరు అక్షరాలు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ చెవికి రెండూ ఒకటే. కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ హిందీలోని ఈ రెండు ధ్వనుల్నీ ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పసిపిల్లలకి వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా ఇట్టే పట్టేశారు. ఏడాది నిండవచ్చేసరికి ఆ శక్తి చాలామందిలో సన్నగిల్లింది. 1984లో అచ్చయిన ఈ పరిశోధన చెప్పేదేమిటంటే, బిడ్డ మొదటి ఏడాదిలోనే తన ఇంటి భాషకి చెవిని మలుచుకుంటుంది. కల్లుకీ కళ్ళకీ, కలకీ కళకీ తేడా మన పిల్లలు ఒళ్ళో పడుకునే నేర్చేసుకుంటారు. ఆ ఏడాదంతా చెవి పనిచెయ్యకపోతే బిడ్డ ఎంత పోగొట్టుకుంటుందో చూడండి.

చెవికీ మాటకీ ఉన్న బంధం తలుచుకుంటే నాకు గిడుగు రామమూర్తి పంతులుగారే గుర్తొస్తారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. దానికి ముందు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండగా ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట మాటా విని, రాసుకుని నేర్చారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుతో చుట్టరికం లేదు. గాలిని గొంతులోనే బిగబట్టి పలికే ధ్వనులు అందులో ఉన్నాయి. వాటిని పట్టుకోవాలంటే ఎంత సున్నితమైన చెవి కావాలి! అలాంటి చెవి ఉన్న మనిషికి కొండల్లో తిరిగి తిరిగి మలేరియా పట్టింది. క్వినైన్ వాడితే జ్వరం తగ్గింది గానీ వినికిడి దెబ్బతింది, బతికినన్నాళ్ళూ చెవుడు వదల్లేదు. క్వినైన్ మోతాదు మించితే చెవికి చేటని ఇవాళ వైద్యవిద్యార్థులు పాఠంగా చదువుకుంటున్నారు. వినికిడి పోయినా పంతులుగారు పని మానలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. మద్రాసు ప్రభుత్వం మూడు వేల రూపాయలు పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టండి అన్నారట. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే ఆ ఊరు వదిలి మన రాజమహేంద్రవరం వచ్చేశారు. బిడ్డకి తన భాషలోనే చదువు చెప్పాలని విద్యా పరిశోధకులు ఇవాళ గట్టిగా చెబుతున్న మాటని ఆయన అప్పుడే చేసి చూపించారు.

మన పేరుపాలెం సముద్రపొడ్డున ఎవరైనా చేపని "సేప" అంటారు, చెప్పుని "సెప్పు" అంటారు, వెళ్తానుని "ఎల్తాను" అంటారు. బడిలో దీన్ని ఉచ్చారణ దోషం కింద జమకట్టి పిల్లాణ్ణి నిలబెట్టిన సందర్భాలు నేను చూశాను. అది దోషం కాదు, యాస. ఊరంతా ఒకలా పలికేది ఊరి భాష. ఊరంతా ఒకలా పలుకుతుంటే ఒక్క పిల్లాడి నోట ఆ ధ్వని రాకపోతే, అప్పుడు స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళాలి. ఈ తేడా తెలియాలంటే ముందు ఊళ్ళ భాష తెలియాలి. అందుకే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి కృషి అంత విలువైనది. కాడి, మేడి, కర్రు లాంటి వ్యవసాయ పదాలని ఏ ప్రాంతంలో ఏమంటారో ఊరూరా సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. తెలుగు మాండలికాలని ఆయన నాలుగు మండలాలుగా విడదీస్తే మన గోదావరి జిల్లాలు కృష్ణా, గుంటూరులతో కలిసి మధ్య మండలంలో పడ్డాయి.

ఊళ్ళ భాష నుంచి యంత్రాల దగ్గరికి వస్తే, మనిషి మాటని యంత్రానికి నేర్పినవాళ్ళలో ముందు వరసలో ఉన్నది తెలుగువాడే. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల రెడ్డి, అందరికీ తెలిసిన పేరు రాజ్ రెడ్డి. స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు, తర్వాత కార్నెగీ మెలన్‌లో హియర్‌సే, హార్పీ అనే మాటలు గుర్తించే వ్యవస్థలు, 1994లో ట్యూరింగ్ అవార్డు. ఇవాళ సెల్‌ఫోన్లో నోటితో చెప్పి వెతుకుతున్నామంటే దాని పునాదుల్లో ఆ పని ఉంది. పల్లెటూరి సర్కారు బడి పిల్లల కోసం 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో వచ్చిన ట్రిపుల్ ఐటీల వెనకా ఆయన పాత్ర పెద్దది.

ఇక నత్తగుల్ల కథ. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే భాగం అచ్చం మన పంటకాలవల్లో దొరికే నత్తగుల్లలా మెలితిరిగి ఉంటుంది. చెవిటివాడైన తండ్రిని చూస్తూ పెరిగిన ఆస్ట్రేలియా డాక్టరు గ్రేమ్ క్లార్క్‌కి, వినికిడి తెప్పించడానికి ఆ మెలికల్లోకి తీగని ఎలా పంపాలో ఎన్నాళ్ళో అంతుపట్టలేదు. 1977లో సముద్రపొడ్డున ఒక గుల్లలోకి గడ్డిపరకని దూర్చి చూశాడు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక మెలికల వెంట సాఫీగా పోయింది. మరుసటేడే, 1978లో, అనేక ఎలక్ట్రోడ్లున్న కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో పెట్టే వినికిడి పరికరం, మెల్‌బోర్న్‌లో ఒక మనిషికి అమర్చాడు. దిగుమతి పరికరం లక్షల్లో పలుకుతుంటే, అబ్దుల్ కలాం ప్రోద్బలంతో దేశీయ పరికరం తయారీకి పూనుకున్నది విశాఖపట్నంలోని ఎన్.ఎస్.టి.ఎల్. నౌకాదళానికి టార్పెడోలు రూపొందించే ప్రయోగశాల అది. నీళ్ళలో శబ్దాన్ని ఔపోసన పట్టిన ఇంజనీర్లు బిడ్డ చెవి కోసం కూర్చున్నారు. నాకు ఇంతకన్నా గొప్ప ఇంజనీరింగ్ కనపడదు.

చెవి వినడమే కాదు, శబ్దం చేస్తుంది కూడా. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ ఈ సంగతి కనిపెట్టాడు. ఆ శబ్దం ఆధారంగానే ఇవాళ పసిపిల్లలకి ఓ.ఏ.ఈ. పరీక్ష చేస్తున్నారు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెడతారు. కొద్ది నిమిషాల పని. సూది లేదు, నొప్పి లేదు.

నత్తి గురించి ఒక్క మాట. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు 22 మంది అనాథ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు పిల్లలకి పనిగట్టుకుని నీ మాట బాగాలేదు, తడబడుతున్నావు అని చెబుతూ వచ్చారు. ఆ పిల్లలు ముడుచుకుపోయి నోరు విప్పడానికే జంకారు. విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది. మూడేళ్ళ పిల్లాడు తడబడితే అది చాలామందిలో దానంతటదే పోతుంది. నత్తోడా అని పిలవడం మాత్రం ఎన్నటికీ మంచిది కాదు.

"వాళ్ళ తాతకీ నాలుగేళ్ళకి గానీ మాట రాలేదమ్మా, కంగారెందుకు" అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటారు. అమెరికాలో కొలరాడో పరిశోధకులు 1998లో తేల్చిందేమిటంటే, వినికిడి లోపాన్ని ఆరు నెలల లోపు గుర్తించి సాయం మొదలుపెట్టిన పిల్లలు ఆలస్యంగా గుర్తించినవాళ్ళకన్నా మాటలో ఎంతో ముందుంటారు. వైద్యులు చెప్పే లెక్క తేలిక: నెలలోపు పరీక్ష, మూడు నెలలకి నిర్ధారణ, ఆరు నెలలకి చికిత్స. మేనరికం చేసుకున్న ఇళ్ళలో పుట్టుచెవుడు ఎక్కువ కనుక అక్కడ మరీ జాగ్రత్త కావాలి. పళ్ళెం మీద గరిటెతో కొట్టి, తిరిగి చూశాడు కదా అని ఊరుకోకండి. ఆ కదలిక కంటపడి కూడా బిడ్డ తల తిప్పుతుంది. 2013 నుంచి అమల్లో ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకీ బడులకీ వస్తాయి. చెవుడు, మాట ఆలస్యం రెండూ వాళ్ళు చూడాల్సిన జాబితాలో ఉన్నాయి. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే వసకొమ్ము పక్కన పెట్టి, ఈ నెలలోనే చెవి పరీక్ష చేయించండి.