ప్రారంభ కోడ్‌కూ పరీక్ష అవసరమే

థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్‌ను వెలిగించే ముందు, ఫర్నేస్‌లో మిగిలిన దహనశీల వాయువులను కనీసం 5 నిమిషాలపాటు గాలితో వెళ్లగొట్టడం తప్పనిసరి. ఇంధన వాల్వులన్నీ మూసి ఉంటేనే ఈ ప్రక్రియ సాగేటట్లు ఇంటర్‌లాకులు అమర్చి ఉంటాయి. అవి సక్రమంగా పనిచేస్తున్నవో లేవో తెలుసుకోవడానికి ఎవరూ బాయిలర్‌ను వెలిగించి చూడరు. కృత్రిమ సంకేతాలిచ్చి ముందుగానే పరీక్షిస్తారు.

కంప్యూటర్ అప్లికేషన్ల విషయంలో ఈ జాగ్రత్త తరచుగా కొరవడుతున్నది. జీతాల వివరాలు, సెలవు దరఖాస్తులు, వైద్య బిల్లులు నేడు వెబ్ అప్లికేషన్ల ద్వారానే నడుస్తున్నవి. సెలవుల లెక్కకు పదుల కొద్దీ పరీక్షలు వ్రాసే ప్రోగ్రామరు, అప్లికేషన్ ప్రారంభమయ్యేటప్పుడు నడిచే కోడ్‌కు ఒక్కటీ వ్రాయడు. సెట్టింగులను చదవడం, డేటాబేసుతో సంబంధం కల్పించడం, భద్రతా నియమాలను అమర్చడం ఆ కోడ్ పని. అందులో లోపముంటే ఒక్క పేజీ కాదు, సమస్తమూ ఆగిపోతుంది. ఆగిపోతే నయమే! ఆగకుండా తప్పుడు డేటాబేసుతో నడిస్తే, పదవీ విరమణ చేసిన ఉద్యోగి పంపిన వైద్య బిల్లు పరీక్షల కోసం ఉంచిన డేటాబేసులో నమోదై, ఎవరి దృష్టికీ రాకుండా పడి ఉంటుంది.

దీనికి ప్రోగ్రామరు సోమరితనం కన్నా కోడ్ నిర్మాణమే ఎక్కువ కారణం. పైథాన్ భాషలో ఒక ఫైలును ఇంపోర్ట్ చేసిన వెంటనే, అందులో ఏ ఫంక్షన్‌లోనూ చేరని ఆదేశాలన్నీ అమలవుతాయి. డేటాబేసును అక్కడే తెరిచినట్లయితే, పరీక్ష కోసం ఆ ఫైలును తాకినా అసలు డేటాబేసే తెరుచుకుంటుంది.

2010లో వెలువడిన ఫ్లాస్క్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్కులో దీనికి చక్కని మార్గమున్నది. అప్లికేషన్‌ను నిర్మించే పనినంతా ‘క్రియేట్ యాప్’ అనే ఫంక్షన్‌లో ఉంచుతారు. సెట్టింగులను దానికి బయటినుంచి అందించవచ్చును. అది అప్లికేషన్‌ను నిర్మించి తిరిగి ఇస్తుంది. సర్వర్‌ను నడిపించడం దాని బాధ్యత కాదు. ఫ్లాస్క్ శిక్షణ పాఠంలోనే ఈ ఫంక్షన్‌కు ఒక చిన్న పరీక్ష ఉన్నది. ఏమీ ఇవ్వకుండా పిలిస్తే అప్లికేషన్ టెస్టింగ్ స్థితిలో ఉండరాదు. టెస్టింగ్ అని చెప్పి పిలిస్తే ఉండాలి. చూపుకు అల్పమే గాని, ఇచ్చిన సెట్టింగే అమలులోకి వస్తున్నదని ధ్రువపరిచేది ఇదే.

ఈ పద్ధతిని ఇంకొంత ముందుకు తీసుకుపోవాలి. డేటాబేసు చిరునామా ఇవ్వకుండా పిలిచినప్పుడు, ఏది లోపించినదో స్పష్టంగా చెప్పి ఫంక్షన్ నిరాకరించాలి. ఏదో ఒక డిఫాల్ట్ విలువతో సర్దుకుపోయే ఉదారబుద్ధి ఇక్కడ పనికిరాదు. నా దృష్టిలో ఈ నిరాకరణను రూఢిపరిచే పరీక్షలే అన్నిటికన్నా విలువైనవి.

అయితే తాత్కాలిక డేటాబేసుతో జరిపే పరీక్ష, అసలు సర్వర్ పాస్‌వర్డు సరియైనదో కాదో చెప్పజాలదు. కావున కొత్త వెర్షన్‌ను అమర్చే ముందు, అసలు సర్వర్‌ను పోలిన నకలు సర్వర్‌పై అప్లికేషన్‌ను ఒకసారి నిజంగా ప్రారంభించి, లాగిన్ పేజీ తెరుచుకుంటున్నదో లేదో చూడవలసినదే. ఈ పనిని జీతాల ముందురోజు సాయంత్రానికి పెట్టుకోకుంటే మరీ మంచిది.