పేజీకి పేరు పెట్టేముందు

ఇల్లు మారితే పోస్టుమానుకు కొత్త అడ్రసు చెప్పి వస్తాం కదా! వెబ్‌సైటులో పేజీ అడ్రసు మార్చినప్పుడు మాత్రం ఆ సంగతే మరిచిపోతాం.

మీరు ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నారనుకోండి. సైటు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లు శీర్షికనే అడ్రసుగా రాసేస్తాయి. 'ఆవకాయ' అని తెలుగులో ఉన్న అడ్రసును కాపీచేసి పంపితే, ఒక్కోసారి ఆ ఒక్క మాటే శాతం గుర్తులతో 45 గుర్తుల తోరణమవుతుంది! దీర్ఘాన్ని విడిగా లెక్కిస్తే అందులో ఉన్నవి అయిదు, ఒక్కొక్కటీ తొమ్మిదవుతుందన్నమాట.

తెలుగు లిపి తప్పని కాదు లెండి. తెలుగు వికీపీడియా వ్యాసాల అడ్రసులు అలాగే ఉంటాయి. కాని ఆ నిర్ణయం సాఫ్ట్‌వేరుది కాదు, మీది కావాలి. అంచేత సైటు కట్టించేటప్పుడే మూడు సంగతులు అడగండి. అడ్రసులో భాష గుర్తు, అంటే తెలుగుకు 'టీఈ', ఇంగ్లీషుకు 'ఈఎన్', ముందు వస్తుందా? ప్రతి భాషలోని పేజీకి విడిగా పేరు పెట్టుకునే గడి సెట్టింగుల్లో ఉందా? పేరు మారిస్తే పాత అడ్రసుకు వచ్చినవారిని కొత్తదానికి పంపే '301' ఏర్పాటు ఉందా?

ఈ మూడోది ముఖ్యం. అది లేకపోతే, నిరుడు లింకు దాచుకున్న అమెరికా వదినగారికి '404' కనిపిస్తుంది. పాపం, మీరు వ్యాపారం మానేశారనుకుంటారు!

మంచి అడ్రసులు మారకూడదని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశారు. బారసాలనాడు పేరు ఆలోచించి పెడతామే, ఇదీ అంతే.