మూసీ తీరాన ఒక సెలవుదినం

మన ప్రబంధ కవులు పాటించిన అష్టాదశ వర్ణనలలో పురవర్ణన, ఉద్యాన విహారం, జలక్రీడ ఉన్నాయి. అయితే ఆ విహారాలు రాజులవి, రాజకుమారులవి. సామాన్య గృహస్థునికి విహారమంటే కార్తిక మాసంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనం, లేదా ఊరి తిరునాళ్లు. వాటికి ప్రవేశ రుసుము లేదు. ఇంట కలిపిన పులిహోర చాలు. పల్లె విడిచి నగరం చేరిన కుటుంబానికి ఆ తోటా లేదు, ఆ తిరునాళ్లూ లేవు. ఒక్కపూట వినోదానికి వారం రోజుల సంపాదన కావాలేమోనని వెరచి తండ్రి పిల్లల కోరికను వాయిదా వేస్తాడు. ఆ వాయిదాలలోనే బాల్యం గడచిపోతుంది.

ఈ వెరపు చాలవరకు నిరాధారం. హైదరాబాదులో మూసీనదికి ఇరువైపుల ఉన్న దారుల్‌షిఫా, అఫ్జల్‌గంజ్ ప్రాంతాలనే చూద్దాం.

దక్షిణపు ఒడ్డున దారుల్‌షిఫాలో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన కళాఖండాలతో 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో ఇది ప్రారంభమైంది. 1968లో నేటి భవనానికి మారింది. దీనికి స్వల్ప రుసుము ఉంది. పెద్దలు ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం ఎదుట నిలిచిపోతారు. రాతిలో చెక్కిన ముసుగులోనుండి ముఖం కనిపించడమెట్లో ఎంతసేపు చూచినా బోధపడదు. పిల్లలకు మాత్రం గడియారమే సర్వస్వం. అందులో ఒక కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తి వేస్తుంటుంది. గంట కావస్తుండగా గడ్డపు మనిషి బొమ్మ తలుపు తెరచుకొని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిమార్లు గంట కొట్టి లోపలికి వెళ్తుంది. కనుక పన్నెండుకు కొంచెం ముందుగానే అక్కడికి చేరడం మేలు. పన్నెండు దెబ్బలు వినవచ్చు. ఒక బొమ్మకోసం వందలమంది ఊపిరి బిగబట్టి ఎదురుచూడడం కూడ చూడదగిన దృశ్యమే. శుక్రవారం మ్యూజియానికి సెలవు అన్న సంగతి మరువరాదు.

నయాపూల్ వంతెన దాటితే ఆవలి ఒడ్డున అఫ్జల్‌గంజ్. అక్కడ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. దానిని చూడడానికి పైసా అవసరం లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి మహోగ్రమైన వరద వచ్చినప్పుడు సుమారు 150 మంది ఈ చెట్టు కొమ్మలను ఆశ్రయించి ప్రాణాలు దక్కించుకొన్నారు. అందరికీ ఆ భాగ్యం లేకపోయింది. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే కోల్పోయారు. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో వరద నివారణ పథకం రూపొందింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు అట్లా ఏర్పడినవే. పాతబస్తీలోనే పుట్టి పెరిగిన విద్యార్థులలో ఈ చెట్టును చూచినవారెందరని తరగతిలో అడిగినప్పుడు లేచిన చేతులు రెండో మూడో. ఇంటికి సమీపంలో ఉన్నది కంటికి ఆనదు కాబోలు! పిల్లవాణ్ణి ఆ మాను వద్దకు తీసికొనిపోయి, "నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చి ఉంటాయి?" అని అడిగి చూడండి. చరిత్ర పుస్తకం ఇవ్వలేని ప్రశ్న అది.

ఎండ తగ్గిన పిమ్మట మళ్లీ వంతెన దాటి, పత్థర్‌గట్టి మీదుగా చార్మినారు వరకు నడవవచ్చు. 1591లో నిర్మించిన ఆ కట్టడం పైకెక్కడానికి టికెట్టు కావాలి గాని, క్రింద నిలిచి చూడడానికి అక్కరలేదు. లాడ్‌బజారు గాజుల దుకాణాల వెలుగులు చూడడానికీ అంతే. బేరమాడకుండ తిరిగి రావడం మాత్రం ఇల్లాలికి కష్టం! ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసికొంటే అదే ఆనాటి విలాసం. 2023 డిసెంబరు నుండి తెలంగాణ ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్ర మహిళలకు, బాలికలకు ఉచిత ప్రయాణ వసతి ఉన్నందున, తల్లికీ కూతురికీ దారిఖర్చు కూడ లేదు. తండ్రీ కొడుకులు మాత్రం టికెట్టు కొనవలసిందే.