తెగిన వైఫై మళ్ళీ ఎలా కలుస్తుంది?

హాట్‌స్పాట్‌తో ఫోన్ కలవడమంటే వరసగా నాలుగు పనులు జరగాలి. హాట్‌స్పాట్ పేరు దొరకాలి, పాస్‌వర్డ్ కుదరాలి, ఐపీ చిరునామా అందాలి, చివరికి ఇంటర్నెట్ నిజంగా వస్తోందో లేదో తేలాలి. ఏది బెడిసినా జనం అనేది ‘వైఫై రావట్లేదు’ అనే. ఫోన్‌కు మాత్రం ఎక్కడ తెగిందో తెలిస్తేనే మళ్ళీ ప్రయత్నించాలో ఊరుకోవాలో తేలుతుంది.

మళ్ళీ ప్రయత్నించే పద్ధతి వైఫై కన్నా పాతది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ నడిపింది. రెండు కేంద్రాల సందేశాలు ఢీకొంటే రెండూ వెంటనే మళ్ళీ పంపేవి కావు. దేనికది తోచినంతసేపు ఆగి పంపేది. 1997లో వచ్చిన, వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం కూడా ఈ దారినే పట్టింది. విఫలమైన కొద్దీ ఆగే గడువును పెంచుకుంటూ పోతుంది.

పాస్‌వర్డ్ దగ్గర ఒక తిరకాసు ఉంది. పాస్‌వర్డ్ గాలిలో ప్రయాణించదు. అది ఫోన్‌కూ హాట్‌స్పాట్‌కూ తెలుసని నాలుగు సందేశాలతో రుజువవుతుంది. సిగ్నల్ బలహీనమై వాటిలో ఒకటి పోయినా, పాస్‌వర్డ్ తప్పన్నట్టే ఫోన్‌కు కనిపించవచ్చు. అందుకే ఆండ్రాయిడ్ ఒక్కసారికే వదిలేయదు. పదేపదే విఫలమైతే ఆ నెట్‌వర్క్‌ను కాసేపు పక్కన పెడుతుంది.

ఐపీ చిరునామాలను హాట్‌స్పాట్ గడువు పెట్టి ఇస్తుంది. రద్దీ చోట వెళ్ళిపోయినవారి చిరునామాలు కూడా గడువు తీరేదాకా వారి పేరనే ఉంటాయి. కొత్తగా వచ్చిన ఫోన్‌కు సిగ్నల్ నిండుగా ఉన్నా చిరునామా మిగలకపోవచ్చు.

నాలుగో పని అన్నిటికన్నా తెలివైనది. ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్ సర్వర్‌ను ఒక చిన్న పేజీ అడుగుతుంది. 204 అనే సంకేతంతో ఖాళీ జవాబు వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టే. వేరే పేజీ వచ్చిందంటే మధ్యలో ఎవరో లాగిన్ అడుగుతున్నారన్నమాట. ఐఫోన్ కూడా ఇలాంటి పరీక్షే చేస్తుంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి, ఈ పరీక్ష నెగ్గని వైఫై కన్నా మొబైల్ డేటాకే ఫోన్ మొగ్గు చూపుతుంది.

హైదరాబాద్‌లోని కాచిగూడ రైల్వే స్టేషన్‌లో ఇవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. 2016 ఏప్రిల్‌లో విజయవాడ, విశాఖపట్నం తదితర స్టేషన్లతో పాటు అక్కడ కూడా రైల్వేల టెలికాం సంస్థ రైల్‌టెల్, గూగుల్ ఉచిత వైఫై పెట్టాయి. 2020లో గూగుల్ తప్పుకుంటున్నట్టు చెప్పినా రైల్‌టెల్ కొనసాగించింది. ఫోన్ నంబరు ఇచ్చి, ఓటీపీ కొట్టాలి. 2021లో డబ్బు కట్టే ప్లాన్లు వచ్చాక రోజుకు 30 నిమిషాలే ఉచితం. ఆ గడువు తీరాక సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, పేజీ మాత్రం కదలదు.

అలాంటప్పుడు వైఫైని ఆపి, మళ్ళీ వేసి లాభం లేదు. లాగిన్ పేజీ తెరుచుకుంటుందేమో చూసి, లేకపోతే మొబైల్ డేటాకు మారడమే మేలు. ఇంట్లో రూటర్ పాస్‌వర్డ్ మార్చారా? ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌కు ‘ఫర్గెట్’ నొక్కి, కొత్త పాస్‌వర్డ్ కొట్టండి.