వేడెక్కిన ద్రవంలో అణువుల కదలిక

గ్లాసులో నిశ్చలంగా కనిపించే నీటిలోనూ అణువులు క్షణం ఆగవు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి అణువు సగటు వేగం సెకనుకు దాదాపు 600 మీటర్లు. అంత వేగం ఉన్నా అది దూరం పోలేదు. ద్రవంలో అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. జాతర రద్దీలో ఇరుక్కున్న మనిషిలా ప్రతి అణువూ ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతూ, సందు దొరికినప్పుడే కాస్త జరుగుతుంది.

ఉష్ణోగ్రత ఈ కదలికల సగటు శక్తికి కొలమానం. వేడి చేస్తే వేగం పెరుగుతుంది, అయితే చాలామంది ఊహించినంత కాదు. నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు వేడి చేస్తే, పరమ ఉష్ణోగ్రత 273 కెల్విన్ల నుంచి 373కు చేరుతుంది. వేగం దాని వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక పెరిగేది సుమారు 17 శాతమే. కానీ ఆ మేరకే నీటి స్నిగ్ధత, అంటే పారకుండా అడ్డుకునే చిక్కదనం, ఆరో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది.

ఇంత తేడా ఎందుకన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. నీటి అణువులను హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. ఉన్నచోటు వదలాలంటే వాటిలో కొన్నిటిని తెంచుకునే శక్తి కావాలి. అణువులన్నిటికీ శక్తి ఒకేలా ఉండదు. ఆ హద్దు దాటగలిగేవి ఏ క్షణంలోనైనా కొన్నే. సగటు శక్తి కొద్దిగా పెరిగినా వాటి సంఖ్య ఎన్నో రెట్లవుతుంది. ఆవిరిలో ఇది మరింత స్పష్టం: 20 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 17.5 మిల్లీమీటర్ల పాదరస మట్టం, 100 డిగ్రీల దగ్గర 760. ఆముదమైతే 20 నుంచి 40 డిగ్రీలకు వేడెక్కగానే స్నిగ్ధత దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది.

అణువుల ఈ అలజడి పరోక్షంగా కంటికి కనిపిస్తుంది. 1827లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ పుప్పొడిలోని సూక్ష్మరేణువులు నీటిలో ఎడతెగకుండా కదలడం మైక్రోస్కోపులో గమనించాడు. నీటి అణువుల తాకిడే దానికి కారణమని 1905లో ఐన్‌స్టీన్ లెక్కకట్టి చూపాడు. ఆ లెక్కను ప్రయోగాలతో రుజువు చేసిన జాఁ పెరాఁకు 1926లో నోబెల్ బహుమతి లభించింది.

వేడినీటిలో సిరా చుక్క త్వరగా వ్యాపించడాన్ని బడిలో వేడికి అణువుల కదలిక పెరుగుతుందనడానికి ఉదాహరణగా చూపిస్తారు. అది పూర్తి రుజువు కాదు. వేడి తేడాల వల్ల నీటిలో పుట్టే ప్రవాహాలు కూడా సిరాను మోసుకుపోతాయి. అణువుల వ్యాపనం ఒక్కటే చూడాలంటే నీరంతా ఒకే ఉష్ణోగ్రతలో, కుదుపు లేకుండా ఉండాలి.